కట్టుబడి: అగ్గిపెట్టెల సీమలో ఒక ప్రశ్న చరిత్ర



మీ ఇంట్లో పొయ్యి పక్కనో, దేవుడి గూట్లోనో అగ్గిపెట్టె ఉంటే ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. దాని మీద ఎక్కడో ఒక మూల చిన్న అక్షరాల్లో ఒక ఊరి పేరు ఉంటుంది. శివకాశి అనో, సాత్తూరు అనో, కోవిల్‌పట్టి అనో ఉండవచ్చు. చిత్తూరు వైపు వాళ్ళకు గుడియాత్తం పేరు కనిపించినా ఆశ్చర్యం లేదు. ఆ పెట్టెలో పుల్లలు నింపి పంపిన మనిషి పేరు మాత్రం ఎక్కడా ఉండదు. ఈ పూట నేను మాట్లాడబోయేది ఆ మనిషి గురించి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, ఆ మనిషి ఆ పనిలో ఎందుకు ఉండిపోయిందో తెలుసుకోవడానికి నూరేళ్ళుగా ప్రభుత్వాలూ, పండితులూ, యజమానులూ పడిన పాట్ల గురించి.

మనుషుల్ని పనిలో పెట్టుకోవడం, జీతం కట్టడం, సెలవు, బోనసు, శిక్షణ, పదోన్నతి, తప్పు చేస్తే దండన. వీటన్నిటినీ కలిపి సిబ్బంది విధానాలంటారు. ఈ విధానాలు బాగుంటే కార్మికుడికి ఆ చోటు మీద నిబద్ధత పెరుగుతుందా? కాలేజీల్లో, విశ్వవిద్యాలయాల్లో ఏటా ఎందరో విద్యార్థులు ఈ ప్రశ్న పట్టుకుని మిల్లుల చుట్టూ తిరుగుతుంటారు. ప్రశ్న చిన్నదే. దాన్ని అడిగే పద్ధతిలో ఉంది చిక్కంతా.

నిబద్ధత అనేది పుస్తకాల మాట. ఇంట్లో మనం కట్టుబడి ఉండటం అంటాం. ఈ కట్టుబడి అనే మాటకు మన సీమలో పాత చరిత్ర ఉంది. పాలెగాళ్ళ కాలంలో కట్టుబడి బంట్రోతులని ఉండేవారు. వారికి నెలజీతం బదులు కాస్త మాన్యం భూమి ఇచ్చేవారు. పిలుపు వచ్చినప్పుడు ఆయుధం పట్టుకుని వచ్చి నిలబడాలి. భూమి చేతిలో ఉన్నంతకాలం మనిషి కట్టుబడే ఉంటాడు. అది పాలెగాడి మీద అభిమానమా, భూమి పోతుందన్న భయమా, తాతల నాటి నుంచి తిన్న ఉప్పు గుర్తా? ఆ సంగతి విడదీసి అడిగే అవసరం పాలెగాడికి లేకపోయింది. ఫ్యాక్టరీలు వచ్చాక ఆ అవసరం పుట్టింది. ఎందుకంటే ఫ్యాక్టరీ మనిషికి మాన్యం లేదు. ఇవాళ వచ్చి రేపు రాకపోవచ్చు.

ఇప్పుడు మీరే పరిశోధకులనుకోండి. భుజాన సంచి, సంచిలో కాగితాలు. మదురై నుంచి తిరునెల్వేలి పోయే రైలెక్కి, విరుదునగర్ దాటి, సాత్తూరు దాటి కోవిల్‌పట్టిలో దిగారు. రెండూళ్ళకూ మధ్య యాభై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. హోసూరు, కృష్ణగిరి మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి ఈ రెండూళ్ళనూ తాకుతూనే కన్యాకుమారికి పోతుంది గనక బస్సులో వచ్చినా చిక్కులేదు. చుట్టూ నల్లరేగడి. తమిళంలో దాన్ని కరిసల్ అంటారు. పత్తి, మిరప, సజ్జ, జొన్న. వాన కురిస్తే పని ఉంటుంది, కురవకపోతే లేదు. ఈ ఎండు నేల అగ్గిపుల్లకు మాత్రం మేలు చేసింది. గాలిలో తేమ తక్కువగా ఉంటే పుల్ల తొందరగా ఆరుతుంది, మందు చెడదు. పొలంలో పని దొరకని చేతులు కూడా ఇక్కడే ఉన్నాయి.

దిగగానే మీ చెవిన తమిళం పడుతుంది. కాస్త నిలబడి వినండి, అడుగున మన మాట కూడా వినబడుతుంది. విజయనగరం కాలంలోనూ, పదహారో శతాబ్దంలో మదురై నాయకుల రాజ్యం మొదలయ్యాకానూ ఇటు వచ్చిన కమ్మవారు, రాజకంబళం వారు, రెడ్లు, రాజులు ఈ సీమలో ఊళ్ళకు ఊళ్ళే ఉన్నారు. పాంచాలంకురిచ్చి కట్టబొమ్మన కులం ఇంటిభాష తెలుగే. తోలుపని, కూలిపని చేసుకుంటూ బతికిన అరుంధతీయులలో చాలామంది ఇళ్ళలోనూ తెలుగే మాట్లాడతారు. కోయంబత్తూరులో జి. కుప్పుస్వామి నాయుడు 1910లో స్థాపించిన లక్ష్మీ మిల్సుకు కోవిల్‌పట్టిలో శాఖ ఉండేది. విరుదునగర్ జిల్లాలోని రాజపాళయంలో పి.ఎ.సి. రామస్వామి రాజా 1936లో రాజపాళయం మిల్సు పెట్టారు. అంటే ఈ సీమలో యజమాని గదిలోనూ తెలుగు ఉంది, కూలి ఇంట్లోనూ తెలుగు ఉంది. ఇద్దరూ ఒకే తెలుగు మాట్లాడతారని మాత్రం అనుకోకండి.

అన్నట్టు కోవిల్‌పట్టిలోనే 1891 నాటి లాయల్ మిల్లు అని ఒకటి ఉంది. లాయల్ అంటే ఇంగ్లీషులో విశ్వాసంగా ఉండేవాడని అర్థం. కార్మికుల విశ్వాసాన్ని కొలవడానికి వచ్చిన మీకు ఊరి మిల్లు పేరులోనే ఆ మాట ఎదురుకావడం తమాషాగానే ఉంటుంది.

సరే, మీరు ఏదో ఒక మిల్లులోకి అడుగుపెట్టారు. ముందు వెళ్ళేది ఆఫీసుకే. గుమాస్తా మీ ముందు మస్టరు పెడతాడు. హాజరు, గైర్హాజరు, కొత్తగా చేరినవారు, మానేసినవారు అన్నీ అందులో ఉంటాయి. ఏడాదిలో మానేసినవారి సంఖ్యను సగటున పనిలో ఉన్నవారి సంఖ్యతో భాగించి, నూటికి ఇంత అని లెక్క కడతారు. నూటికి అరవై వచ్చిందనుకోండి. అమ్మో, సగానికి పైగా జనం నిలవడం లేదు అనిపిస్తుంది. కాని అరవై స్థానాల్లో ఒక్కొక్కరు మారినా అరవయ్యే, పది స్థానాల్లో ఆరేసి మంది మారినా అరవయ్యే. రెండో లెక్కలో తొంభై మంది కదలకుండా ఉన్నారు, పది చోట్ల మాత్రమే ఏదో తప్పు జరుగుతోంది. అంకె ఒక్కటే, మిల్లులు రెండు.

మస్టరును ఇలా తప్పుగా చదివిన చరిత్ర మనకు చాలా ఉంది. 1929లో బ్రిటిష్ ప్రభుత్వం విట్లీ అధ్యక్షతన కార్మిక సమస్యల మీద రాయల్ కమిషన్ వేసింది. కమిషన్ దేశమంతా తిరిగి 1931లో నివేదిక ఇచ్చింది. పట్నం ఆకర్షించి కాదు, ఊళ్ళో గడవక కార్మికుడు మిల్లుకు వస్తున్నాడని, అతని మనసు ఊళ్ళోనే ఉంటుందని కమిషన్ భావించింది. ఆ తర్వాత చాలాకాలం పండితుల పుస్తకాల్లో ఇదొక పాటయింది. భారతీయ కార్మికుడికి ఒళ్ళు మిల్లులో, మనసు ఊళ్ళో. అందుకే నిలకడ లేదు, అందుకే పరిశ్రమ ఎదగడం లేదు అని. 1965లో మోరిస్ డేవిడ్ మోరిస్ అనే అమెరికా ఆర్థిక చరిత్రకారుడు బొంబాయి మిల్లుల గురించి 1854 నుంచి 1947 దాకా దొరికిన లెక్కలన్నీ తిరగేసి వేరే మాట చెప్పాడు. బొంబాయి మిల్లులకు మనుషుల కొరత ఎన్నడూ రాలేదు. నిలకడ లేకపోవడానికి కారణం కార్మికుడి మనసు కంటే యజమానులు పని నడిపిన తీరు అన్నాడు. మనుషుల్ని పెట్టుకోవడం, తీసెయ్యడం మేస్త్రీల చేతిలో వదిలేశారు. గేటు బయట బదిలీ కార్మికుల గుంపును నిలబెట్టుకున్నారు.

ఈ బదిలీ అంటే మన ఆఫీసుల్లో ఊరు మార్చే బదిలీ కాదు. పర్మనెంటు మనిషి రాని రోజున ఆ స్థానంలో పని దొరికేవాడిని మిల్లుల్లో బదిలీ కార్మికుడు అనేవారు. అతను రోజూ షిఫ్టు వేళకు గేటు దగ్గరికి వచ్చి నిలబడాలి. మేస్త్రీ వేలు చూపిస్తే లోపలికి, లేకపోతే ఇంటికి. నెలకు పన్నెండు రోజులే పని చేశాడని మస్టరు రాస్తుంది. మిగిలిన రోజుల్లో గేటు దాకా వచ్చి తిరిగిపోయాడని రాయదు. మీరు కాగితం ఒక్కటే చూసి వెళ్ళిపోతే అతని పేరు నిలకడ లేనివాళ్ళ జాబితాలో చేరుతుంది.

ఇంకోటి చూడండి. కోవిల్‌పట్టికి దగ్గరలోనే తూత్తుకుడి. అక్కడ తెల్లదొరల కోరల్ మిల్లులో 1908 ఫిబ్రవరి 27న సమ్మె మొదలైంది. వి.ఒ. చిదంబరం పిళ్ళై, సుబ్రహ్మణ్య శివ ముందు నిలిచారు. కూలి పెంచాలి, వారానికో సెలవు ఇవ్వాలి అని అడిగారు. తొమ్మిది రోజుల్లో యాజమాన్యం దిగివచ్చింది. ఫిబ్రవరి 26 నాటి మస్టరు పట్టుకుని, ఇంతమంది క్రమం తప్పకుండా వస్తున్నారు గనక వీరంతా తృప్తిగా ఉన్నారని ఎవరైనా రాసి ఉంటే, ఆ సిరా ఆరేలోగా తప్పయ్యేది.

ఇక అగ్గిపెట్టెల సంగతికి వద్దాం. మస్టరులో మనిషి గురించి తప్పుగా ఉండటం ఒక ఎత్తు, మనిషే లేకపోవడం ఇంకో ఎత్తు. శివకాశికి చెందిన పి. అయ్య నాడార్, ఎ. షణ్ముగ నాడార్ 1922లో కలకత్తా వెళ్ళి ఈ విద్య నేర్చుకుని, 1923లో ఊళ్ళో అగ్గిపెట్టెల తయారీ మొదలుపెట్టారు. అది సాత్తూరుకు, కోవిల్‌పట్టికి పాకింది. చట్రంలో పుల్లలు పేర్చడం, మందులో ముంచడం, పెట్టెలు అతకడం, నింపడం, లేబులు అంటించడం. చాలా భాగం చేతిపని, చేసినదాన్ని బట్టి కూలి. ఎక్కువమంది ఆడవాళ్ళు, వాళ్ళ వెంట పిల్లలు. 1948 ఫ్యాక్టరీల చట్టం విద్యుత్తు వాడే చోట పదిమంది, వాడని చోట ఇరవైమంది ఉంటేనే వర్తించేది. ఒకే వ్యాపారం చిన్న చిన్న షెడ్లుగా విడిపోవడానికి ఇదొక కారణం. ఎక్సైజు సుంకంలో చిన్న తయారీదారులకు ఇచ్చిన రాయితీ ఇంకో కారణం. అదే చట్టం అయిదు వందలమంది ఉన్న చోట సంక్షేమ అధికారి ఉండాలంది. ఆ అధికారి నుంచే తర్వాతి కాలపు పర్సనల్ మేనేజరు పుట్టాడు. ఇరవైమంది లేని షెడ్డుకు సంక్షేమ అధికారి ఎక్కడినుంచి వస్తాడు? అక్కడ సిబ్బంది విధానమంటే ఏజెంటే. మనుషుల్ని కుదిర్చేదీ అతనే, తెల్లవారకముందే ఊళ్ళలోంచి బస్సులో ఎక్కించేదీ అతనే, అవసరానికి అడ్వాన్సు ఇచ్చేదీ అతనే.

1976లో తమిళనాడు ప్రభుత్వం హర్బన్స్ సింగ్ చేత ఈ పిల్లల పని మీద విచారణ చేయించింది. 1979లో కేంద్ర ప్రభుత్వం గురుపాదస్వామి కమిటీని వేసింది. 1983లో స్మితు కొఠారి రాసిన వ్యాసం ఒకటి దేశమంతా చర్చకు వచ్చింది. పిల్లలు నలభై అయిదు వేలమంది ఉన్నారన్న అంకె ఆ దశకంలో తరచూ వినబడేది, తయారీదారులు కాదనేవారు. ఇంత తేడా ఎందుకు వచ్చిందో మీరు ఊహించగలరు. షెడ్డులోని పుస్తకం చూసి లెక్కపెట్టినవాడికి పిల్లలే ఉండరు. ఇంటింటికీ తిరిగి లెక్కపెట్టినవాడికి ఉంటారు. తెల్లవారుజామున ఊరి బయట బస్సు ఆగే చోట నిలబడినవాడికి ఇంకా ఎక్కువమంది ఉంటారు.

తల్లి తీసుకున్న అడ్వాన్సు తీరేదాకా పిల్ల ఇంకో షెడ్డుకు మారడానికి లేదు. జ్వరం వచ్చినా బస్సెక్కాలి. మానెయ్యదు, ఆలస్యంగా రాదు, ఎదురు చెప్పదు. మస్టరు కొలతతో కొలిస్తే ఇంతకు మించిన నిబద్ధత ప్రపంచంలో ఎక్కడా దొరకదు. కట్టుబడి ఉండటానికీ కట్టిపడేస్తే ఉండటానికీ తేడా ఇదేనండి. ఈ తేడాను పట్టుకోలేని కొలత ఎంత గణితం వాడినా నాకు నమ్మకం లేదు.

1986లో ఎం.సి. మెహతా అనే న్యాయవాది శివకాశి పిల్లల విషయం సుప్రీంకోర్టుకు తీసుకెళ్ళారు. 1996 డిసెంబరు 10న కోర్టు తీర్పు చెబుతూ, ప్రమాదకరమైన పనిలో పెట్టుకున్న ఒక్కో పిల్లవాడికి యజమాని 20,000 రూపాయలు కట్టాలని, ఆరు నెలల్లో బాలకార్మికుల లెక్క తీయాలని ఆదేశించింది. న్యాయమైన తీర్పు. పరిశోధకుడికి మాత్రం కొత్త చిక్కు తెచ్చింది. లెక్కకు శిక్ష ముడిపడగానే యజమాని దాస్తాడు, తల్లి దాస్తుంది, పిల్లవాడు కూడా తనకు పద్నాలుగు దాటిందంటాడు. అప్పుడు బడి హాజరుపట్టీ పక్కన పెట్టుకుని ఇంటింటి లెక్కతో సరిచూడవలసి వస్తుంది. చట్టం, ప్రత్యేక పాఠశాలలు, ఆ తర్వాత యంత్రాలు, అన్నీ కలిసి అగ్గిపెట్టెల పనిలో పిల్లల సంఖ్యను ఈ పాతికేళ్ళలో బాగా తగ్గించాయి. అది సంతోషించదగ్గ మాట.

కాగితం పక్కన పెట్టి మనిషినే అడిగితే సరిపోతుంది కదా అంటారేమో. ఆ ప్రయత్నానికీ పెద్ద కథే ఉంది. అమెరికాలో షికాగో దగ్గర హాథోర్న్ అనే చోట టెలిఫోను పరికరాలు చేసే ఫ్యాక్టరీ ఉండేది. 1924లో అక్కడ వెలుతురు పెంచితే పని పెరుగుతుందా అని చూడటం మొదలుపెట్టారు. 1927లో ఆరుగురు అమ్మాయిల్ని ఒక వేరే గదిలో కూర్చోబెట్టి విశ్రాంతి సమయాలు, పనిగంటలు మారుస్తూ చూశారు. ఏది మార్చినా పని పెరుగుతూనే వచ్చింది. మనిషిని పట్టించుకుంటే చాలు, మనసు పెట్టి చేస్తాడు అన్న సిద్ధాంతానికి ఇది ఆధారమయింది. ఎల్టన్ మేయో పేరు దీనితోనే ప్రపంచానికి తెలిసింది. పాఠ్యపుస్తకాలు ఇక్కడితో ఆపుతాయి. ఆపకూడనిది ఒకటుంది. ఆ ఆరుగురిలో ఇద్దరిని, పని కంటే మాటలు ఎక్కువయ్యాయని 1928 జనవరిలో తీసేసి, వారి స్థానంలో వేరే ఇద్దరిని పెట్టారు. కుదరనివాళ్ళను గది బయట పెట్టాక మిగిలినవాళ్ళు కుదురుగా ఉన్నారని తేలడంలో వింతేముంది? అదే ఫ్యాక్టరీలో ఇరవై వేలమందికి పైగా కార్మికులతో విడివిడిగా మాట్లాడిన కార్యక్రమం నాకు ఇంతకంటే విలువైనదిగా తోస్తుంది. ముందు ప్రశ్నలు రాసుకుని వెళ్ళారు. మనుషులు వాటిని వదిలేసి తమకు తోచింది చెప్పారు. చివరికి అడిగేవాళ్ళే ప్రశ్నలు మూసి వినడం నేర్చుకున్నారు.

మన దేశంలో 1953లో ఎ.కె. రైస్ అనే ఇంగ్లీషాయన అహ్మదాబాదు కాలికో మిల్లులో మగ్గాల పనివాళ్ళను చిన్న జట్లుగా కూర్చి చూశాడు. జట్ల కూర్పులో ఎక్కువ భాగం కార్మికులే చేసుకున్నారు, ఉత్పత్తి పెరిగింది. మనకు దగ్గరగా కోయంబత్తూరులో ఇ.ఎ. రామస్వామి మిల్లు కార్మికుల మధ్య తిరిగి, వారి యూనియన్ గురించి రాసిన పుస్తకం 1977లో వచ్చింది. మిల్లు పట్ల, యూనియన్ పట్ల, కులం పట్ల ఒకే మనిషికి వేర్వేరు కట్టుబాట్లు ఉంటాయి. ఇలాంటివి వాళ్ళ మధ్య ఉండి చూస్తేనే తెలుస్తాయి.

విరుదునగర్‌లో ఇది ఇంకా ముఖ్యం. 1923 దాకా విరుదుపట్టి అనిపించుకున్న ఈ ఊళ్ళో వర్తకులు మహమై పేరుతో తమ వ్యాపారంలో కొంత భాగం పక్కన పెట్టి కులం ఉమ్మడి పనులకు వాడేవారు. క్షత్రియ విద్యాశాల అలా నడిచిన బడే. కామరాజ్ అక్కడే చదివారు. ఇలాంటి ఊళ్ళో ఒక గుమాస్తా ఒకే కొట్లో ముప్పై ఏళ్ళు పనిచేశాడంటే అది కొట్టు మీద అభిమానమా, బడి మీదా, గుడి మీదా, చుట్టరికం మీదా? కొట్టు నాలుగు గోడల మధ్య అడిగితే తేలదు.

ఇప్పుడు మీ సంచిలోని కాగితాలు బయటికి తీద్దాం. 1979లో మౌడే, స్టీర్స్, పోర్టర్ అనే ముగ్గురు అమెరికన్లు నిబద్ధతను కొలవడానికి ఒక ప్రశ్నావళి ప్రకటించారు. పదిహేను వాక్యాలు. కంపెనీని స్నేహితుల దగ్గర మెచ్చుకుంటారా, దాని బాగుకోసం మామూలుకంటే ఎక్కువ శ్రమపడతారా, అలాంటివి. ఒక్కో వాక్యానికీ బొత్తిగా ఒప్పుకోను మొదలు పూర్తిగా ఒప్పుకుంటాను దాకా ఏడు మెట్లు. అక్కడ తొమ్మిది సంస్థల్లో 2,563 మంది మీద పరీక్షించారు. మన విద్యార్థులు ఇప్పటికీ దీన్నే, లేదా దీని తమ్ముణ్ణి పట్టుకుని తిరుగుతారు.

ఇందులో ఆరు వాక్యాలు కావాలనే తలకిందులుగా ఉంటాయి. చదవకుండా అన్నిటికీ ఒకే చోట గుర్తు పెట్టేవాళ్ళను పట్టుకోవడానికి అన్నమాట. ఇంగ్లీషులో అది బాగానే పనిచేస్తుంది. మన భాషలోకి వచ్చేసరికి, ఇక్కడ ఉండటం వల్ల లాభం లేదన్న మాటను మీరు ఒప్పుకోరా అని అడిగితే, అవునంటే ఏమిటి, కాదంటే ఏమిటి? ఎనిమిది గంటలు నిలబడి దారం ముడులు వేసి వచ్చిన అమ్మాయికి ఆ ముడి విప్పే ఓపిక ఉంటుందా? పక్కనే మేస్త్రీ నిలబడి ఉంటే ఆమె ఏది పెడితే గొడవ ఉండదో అదే పెడుతుంది. మీ దగ్గర ఉన్న అరవై కాగితాల్లోనూ గుర్తులు ఒకే గడిలో వరుసగా దిగివస్తే, మిల్లు స్వర్గమని రాయకండి. ఎక్కడ, ఎవరి ఎదుట పూర్తి చేయించారో రాయండి.

మాటల చిక్కు ఇంకా లోతైనది. కాగితంలో సంస్థ అని ఉంటుంది. అగ్గిపెట్టెల షెడ్డులో పనిచేసే ఆమెకు సంస్థ అంటే ఎవరు? ముదలాళి అంటారక్కడ యజమానిని; ఆయన్ని ఆమె ఎన్నడూ చూసి ఉండకపోవచ్చు. ఆమెకు తెలిసింది ఏజెంటు. ఇక నిబద్ధతకు తమిళంలో విసువాసం అన్నారనుకోండి, అందులో భక్తి వాసన ఉంటుంది, కుక్క విశ్వాసం వాసన కూడా ఉంటుంది. నన్రి అంటే కృతజ్ఞత అయిపోతుంది. ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషి తమిళ ప్రశ్న విని, మనసులో తెలుగులో అనుకుని, తమిళంలో జవాబు చెప్పి, దాన్ని మీరు ఇంగ్లీషు అంకెగా మార్చేసరికి అసలు మాట ఎంత మిగిలిందో చూసుకోవాలి. దీనికి రిచర్డ్ బ్రిస్లిన్ 1970లో ఒక పద్ధతిని వివరించాడు. ఒకరు ఇంగ్లీషు నుంచి మన భాషలోకి మారుస్తారు. అసలు చూడని ఇంకొకరు దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి మారుస్తారు. రెండు ఇంగ్లీషులనూ పక్కపక్కన పెట్టి ఎక్కడ జారిందో చూస్తారు. మంచి పద్ధతే. అయితే ఇద్దరూ పట్నంలో చదువుకున్నవాళ్ళయితే రెండు ఇంగ్లీషులూ చక్కగా కలుస్తాయి, షెడ్డులో మాత్రం ఒక్కరికీ అర్థం కాదు. కోవిల్‌పట్టి పక్క ఇడైచెవల్ వాసి, తెలుగింటిలో పుట్టి తమిళంలో పెద్ద రచయితైన కి. రాజనారాయణన్, ఈ కరిసల్ సీమ జనం మాటలకే ప్రత్యేకంగా ఒక నిఘంటువు కూర్చారు. ప్రశ్నావళి రాసేవాడి బల్ల మీద గణితం పుస్తకం పక్కనే అదీ ఉండాలి. ఇక ఆ ఏడు మెట్ల బదులు చింతగింజలు చేతిలో పెట్టి, నచ్చినన్ని పెట్టమ్మా అంటే చదువురానివాళ్ళు కూడా ఇట్టే చెబుతారు.

ఒక ప్రశ్నకు ఒక్క అంకె చాలదని కెనడాలో నటాలీ ఆలెన్, జాన్ మేయర్ 1990లో తేల్చారు. నిబద్ధతను మూడుగా విడదీశారు. ఉండాలనిపించి ఉండటం, ఉండక తప్పక ఉండటం, ఉండటం ధర్మమనిపించి ఉండటం. ఒక్కోదానికి ఎనిమిది వాక్యాలు. కట్టుబడి బంట్రోతు విషయంలో మనం మొదట వేసుకున్న మూడు ప్రశ్నలూ ఇవే కదా! అగ్గిపెట్టెల షెడ్డుకు ఈ మూడు గదులు తెచ్చిపెట్టండి. రెండో గది నిండిపోతుంది, మొదటి గదిలో కొందరుంటారు. మూడోది చిక్కు. కూతురి పెళ్ళికి ఏజెంటు డబ్బు ఇచ్చాడు గనక మానెయ్యడం ధర్మం కాదని ఆమె అంటే, అది మూడో గదా, రెండో గదా? నా మటుకు నేను, ఆ అప్పు ఎంతో అడగకుండా ఏ గదిలోనూ వేయను.

ఇంకో పొరపాటు చాలామంది చేస్తారు. ఒకే రోజున ఒకే మనిషిని, ఇక్కడి పద్ధతులు బాగున్నాయా అనీ, మీకు ఇక్కడ ఉండాలని ఉందా అనీ అడిగి, రెండు జవాబులూ కలిశాయి గనక మొదటిది రెండోదానికి కారణమంటారు. ఆ రోజు జీతం అందినవాడికి రెండూ బాగుంటాయి, ఆ రోజు తిట్లు తిన్నవాడికి రెండూ బాగుండవు. పద్ధతుల సంగతి జీతాల పట్టీలో చూసి, మనసు సంగతి మనిషిని అడిగి, ఆరు నెలలాగి మళ్ళీ వచ్చి చూస్తే కాస్త నమ్మవచ్చు.

అన్నిటికంటే పెద్ద లోటు మానేసినవాళ్ళది. మిల్లు లోపల పంచిన కాగితాలు మిల్లులో మిగిలినవాళ్ళవే. ఈ శతాబ్దం మొదటి సంవత్సరాల్లో పశ్చిమ, దక్షిణ తమిళనాడు నూలు మిల్లుల్లో సుమంగళి పథకం అని ఒకటి నడిచింది. పెళ్ళికాని అమ్మాయిలు మిల్లు హాస్టల్లో ఉండి మూడేళ్ళు పనిచేస్తే చివర్లో ముప్పై వేలో యాభై వేలో ఒక్క మొత్తంగా ఇస్తామనేవారు. కట్నానికి పనికొస్తుందని తల్లిదండ్రులు పంపేవారు. మధ్యలో వచ్చేస్తే ఆ మొత్తం దక్కేది కాదు. రెండేళ్ళ పదకొండో నెలలో ఉన్న అమ్మాయిని మీరు వెళ్ళి ఈ మిల్లు వదిలి వెళ్ళే ఆలోచన ఉందా అని అడిగితే లేదనే అంటుంది. ఆ జవాబులన్నీ కూడితే ఆ మిల్లులో నిబద్ధత చాలా ఎక్కువని తేలుతుంది. 2011లో నెదర్లాండ్స్‌కు చెందిన రెండు సంస్థలు ఈ పథకం మీద ప్రకటించిన నివేదిక లోకానికి వేరే సంగతి చెప్పింది. ఎక్కువ గంటల పని, బయటికి పోనివ్వకపోవడం, మూడేళ్ళు నిండకముందే ఆరోగ్యం చెడి ఇంటికి రావడం. ఇవి బయటపడాలంటే మిల్లు దాటి ఊళ్ళకు వెళ్ళాలి, ఇంటికి వచ్చేసినవాళ్ళ అరుగు మీద కూర్చోవాలి.

ఒక్కోసారి చరిత్రే పరిశోధకుడి పని చేసిపెడుతుంది. 2005లో గ్రామీణ ఉపాధి హామీ చట్టం వచ్చింది. 2008 ఏప్రిల్ నాటికి దేశంలోని గ్రామీణ జిల్లాలన్నిటికీ చేరింది. ఊళ్ళోనే చెరువు పూడిక తీస్తే కూలి దొరికింది. అంతవరకూ ఏళ్ళ తరబడి కదలని ఆడవాళ్ళు కొందరు షెడ్డుకు రావడం తగ్గించారు. మనుషులు దొరకడం లేదని అగ్గిపెట్టెల తయారీదారులు వాపోయారు. రెండో గదికి తలుపు తెరిస్తే ఎవరు బయటికి వస్తారో ఆ సంవత్సరాల్లో కళ్ళారా కనబడింది. కొందరు రాలేదు కూడా. వాళ్ళు ఎందుకు రాలేదో, అది ఇష్టమో, అడ్వాన్సో, ఇంటి పక్కనే షెడ్డు ఉండటమో, తోటివాళ్ళ కబుర్లో, ఎవరైనా విద్యార్థి ఇప్పటికైనా వెళ్ళి అడగవచ్చు.

అలా వెళ్ళే పిల్లలెవరైనా ఈ ప్రసంగం వింటూ ఉంటే, ఆ పదిహేను వాక్యాల కింద ఒక గీత గీసి, ఇంకో మూడు ప్రశ్నలు మీ చేత్తో రాసుకోండి. చేబదులు ఎంత ఉంది? ఎవరికి? ఎప్పటినుంచి?